నాలుగు రోజుల తేడా

ట్యూబ్ టెస్టుకు నన్ను పడుకోబెట్టిన గది ఒకప్పుడు మా తాత పసుపు గోదాము. ఆర్మూరులో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక దాచడంలో అర్థం లేదు. నా పెళ్ళికి ముందే అది చేతులు మారింది. కొన్నవాళ్ళు లోపల అడ్డగోడలు కట్టి, తెల్లటి టైల్స్ వేసి, ముందర స్కానింగ్ సెంటర్ అని బోర్డు పెట్టారు. బయటి గోడలను మాత్రం ముట్టుకోలేదు. రెండడుగుల మందం రాతిగోడలు, ఎక్స్‌రే గదికి ఇంతకంటే బాగా కుదిరేవి దొరకవని సంతోషించారట. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు ఏళ్ళ తరబడి నిండిన గోడలు. టైల్స్ వెనక ఎంత దాచినా, వాన పడ్డ రోజు హాల్లో కూర్చుంటే పసుపు వాసన వచ్చేది. పక్కనున్న ఆడవాళ్ళు అది ఏదో మందు వాసన అనుకునేవాళ్ళు. నేను చెప్పేదాన్ని కాదు.

మాది పటేండ్ల ఇల్లు, ఒకప్పుడు ఊరి పెత్తనం చేసిన వంశం. నేను ఒక్కతే సంతానాన్ని. నాన్న పోయేనాటికి మాకు మిగిలింది వాడుకలో ఉన్న మూడు గదులు, వాడుకలో లేని నాలుగు గదులు. మా ఆయనది ఇందల్వాయి. ఇల్లరికం వచ్చాడు. నవీపేట్‌లో ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేస్తూ అక్కడే ఉండి, ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. నా తర్వాత ఆ గడప దాటి లోపలికి నడిచే మనిషి ఒకరు ఉండాలన్నదే ఆ పెళ్ళికి కారణం. ఎవరూ నోటితో అనలేదు, అందరికీ తెలుసు. పెళ్ళయి ఆరేళ్ళు దాటాక, నాకు ముప్పై మూడు నిండాక, అమ్మ నన్ను ఆ సెంటరుకు తీసుకెళ్ళింది. నిజామాబాద్ నుంచి ఒక లేడీ డాక్టరు వారానికి రెండు రోజులు అక్కడికి వచ్చి చూసేది.

మా ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. నెలసరి వచ్చిన ఆడది నాలుగు రోజులు వెనక గదిలో ఉంటుంది. ఐదో రోజు తలస్నానం చేసి ఇంట్లో కలుస్తుంది. ఆ నాలుగు రోజుల పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. స్నానం చేసిన రోజున అమ్మ క్యాలెండర్ మీద ఆ తేదీ పక్కన పసుపు బొట్టు పెట్టేది. మాకు నెల అక్కడ మొదలు. మొదటి రోజు అంటే ఆ రోజే. అమ్మ అట్లాగే లెక్క పెట్టింది, అమ్మకు ముందున్నవాళ్ళూ అట్లాగే లెక్క పెట్టారు. నేను డిగ్రీ చదివాను. పుస్తకంలో వేరే లెక్క ఉంటుందని ఎప్పుడో చదివే ఉంటాను. కానీ డాక్టరు "లాస్ట్ పీరియడ్ డేట్ ఎంత?" అని అడిగినప్పుడు అమ్మ బొట్టు పెట్టిన తేదీ చెప్పింది, నాకు అది తప్పని తోచలేదు. ఫైలు మీద ఆ తేదీ ఎక్కింది. ఆ తర్వాత నెలనెలా అక్కడి నర్సు అడిగి రాసుకున్నవీ అట్లాంటి తేదీలే.

మొదటి పరీక్ష లోపలి నుంచి చేసే స్కాన్. చేతి కర్రలాంటి సన్నని గొట్టానికి తొడుగు తొడిగి, జెల్లీ పూసి, లోపలికి పెడతారు. నొప్పి పెద్దగా ఉండదు. మోకాళ్ళు మడిచి, పాదాలు విడిగా పెట్టి, కింద ఒక్క దుప్పటి ముక్కతో పడుకోవడమే కష్టం. డాక్టరు తెర వైపు చూస్తూ మాట్లాడుతుంది, మన వైపు చూడదు. అది మేలే. తెర మీద బూడిద రంగు మసకలో నల్లటి చుక్కలు కనిపించాయి. అవి అండాల సంచులట. వాటిలో ఒకటి పెరిగి, పగిలి, అండం బయటికి వస్తుంది. అది ఎప్పుడు పగులుతుందో పట్టుకోవడానికి రోజు విడిచి రోజు రమ్మన్నారు. పోయాను. తొమ్మిదో రోజు అని వాళ్ళు రాసుకున్న రోజున సంచి పెద్దగా ఉంది. పదకొండో రోజు చూస్తే పగిలిపోయి ఉంది. మూడు నెలలు అదే తంతు. "మీకు అండం తొందరగా విడుదలైతుంది" అని రాసింది డాక్టరు. పన్నెండో రోజు నుంచి భార్యాభర్తలు కలిసి ఉండాలని మొదట చెప్పిన మాటను దిద్ది, ఇంకాస్త ముందు నుంచే ఉండమంది. నా ఒంట్లోనే ఏదో తొందర ఉందని నేను నమ్మాను. మా వంశంలో ఎవరికీ లేని లోపం నాకే ఎందుకు వచ్చిందని అమ్మ అటువైపు తిరిగి ఏడ్చింది.

ఆ తర్వాత ట్యూబ్ టెస్టు రాశారు. గర్భసంచి నుంచి రెండు పక్కలకూ పోయే గొట్టాలు తెరిచి ఉన్నాయా, మూసుకుపోయాయా అని మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తారు. ఏడో రోజు నుంచి పదో రోజు లోపల రావాలి, నెలసరి మొదలైనప్పటి నుంచి పరీక్ష అయ్యేదాకా భర్తకు దూరంగా ఉండాలి అని ఒక కాగితం ఇచ్చారు. ఎక్స్‌రే డాక్టరు వచ్చే రోజు మంగళవారం. అమ్మ లెక్కలో అది పదో రోజు. సరిగ్గా సరిపోయిందని ఇద్దరం అనుకున్నాం.

దానికి ముందు ఆదివారం మా ఆయన వచ్చాడు. కాగితం నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆయనకు చూపించలేదు. అండం తొందరగా విడుదలవుతుందన్న మాట నా చెవుల్లో తిరుగుతోంది. ఆ ఆదివారం పోతే మళ్ళీ ఆదివారం దాకా ఆయన రాడు, ఒక నెల పోయినట్టే. మేము దూరంగా ఉండలేదు.

మంగళవారం హాలు నిండిపోయింది. అక్కడ పనిచేసే నర్సు ఫైళ్ళు చేతబట్టుకుని పిలుస్తోంది. ఆమెను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. వాళ్ళమ్మ మా వాకిట్లో పసుపు ఉడకబెట్టేది. ఇంట్లో పై పనులూ చేసేది. ఈమె చదువుకుని, నర్సింగ్ చేసి, చర్చి దగ్గర సొంతంగా ఇల్లు కట్టుకుంది. వాళ్ళమ్మ మా అమ్మను దొరసాని అనేది. ఈమె నన్ను అక్కా అంటుంది. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు నేను పలకలేదు. రెండోసారి పలకక తప్పలేదు.

"ట్యూబ్ టెస్టోళ్ళు ఎవరెవరు? పిలుస్తుంటే పలుకుండ్రి జర" అంది నర్సు.

"పొద్దుగాల్ల సంది కూసున్నం సిస్టర్. మేం మనుషులం కాదా?" అని ఒకామె లేచింది.

"మనుషులే గదా, అందుకే కుర్సీలేసి కూసోవెట్టిన. గొడ్లయితే నిలవెడ్తుంటి."

హాలంతా నవ్వింది. లేచినామె కూడా నవ్వుతూ కూర్చుంది. నర్సు నా ఫైలు తెరిచి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, లెక్క ఏ దినం సంది వెడ్తున్నరు? అయిన దినం సందా, తానం చేసిన దినం సందా?"

"పదో రోజని అందులో ఉన్నది గదా" అన్నాను.

"రాసింది నేనే. మీరు చెప్పిందే రాసిన. మీ ఇంట్ల తానం సందే లెక్కవెడ్తరని నాకెర్కే అక్కా. మీ నాలుగొద్దుల బట్టలు మా అమ్మనే గదా పిండింది."

పక్కనున్న ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవ్వో! గా బట్టలు గూడ ఒకలు పిండాల్నా? ఏం దొరతనమే తల్లీ!"

"మరేమనుకున్నవ్ అత్తా, చేతులు అరుగుతయి గదా" అంది ఇంకొకామె. మళ్ళీ నవ్వులు.

నర్సు నవ్వలేదు. ఆమె నన్ను ఎగతాళి చేయడానికి ఆ మాట అనలేదని ఇప్పుడు తెలుసు. తనకు తెలిసినదాన్ని బట్టి అడిగింది, అంతే. కానీ మా గోదాములో, మా గోడల మధ్య, మా వెనక గది సంగతి పదిమంది నోళ్ళలో పడింది. "నీ పని నువ్వు చూస్కో. రాసింది రాసినట్టు ఉండనీ" అన్నాను.

"సరే అక్కా" అని వెళ్ళిపోయింది.

కాసేపటికి లోపలి గదిలో, తెర వెనక, గౌను వేసుకున్నాక సంతకం కోసం మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు తగ్గించి అడిగింది. "ఇక్కడ ఎవ్వరు లేరు. ఒక్కసారి యాది చేస్కొని చెప్పుండ్రి. లెక్క తప్పితే ఫికర్ లేదు, వచ్చే నెల చేయించుకోవచ్చు. మీ సార్‌తోని దూరమే ఉన్నరా?"

అప్పటికి నాకు లెక్క తెలిసిపోయింది. హాల్లో ఆమె అడిగిన క్షణంలోనే తెలిసింది. నాలుగు కలిపితే పద్నాలుగు. చెబితే, ఇన్ని నెలలుగా తప్పు తేదీలు ఇచ్చామని ఒప్పుకోవాలి. అది కూడా ఈమె ముందు. ఆదివారం సంగతి కూడా చెప్పాలి.

"ఉన్నం" అన్నాను. సంతకం పెట్టాను.

పరీక్ష పది నిమిషాలు పట్టి ఉంటుంది. చల్లటి ఇనుప పరికరం పెట్టి తెరిచారు. సన్నని గొట్టం లోపలికి పోనిచ్చారు. మందు ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దన్నారు. పొత్తికడుపును లోపలి నుంచి ఎవరో పిడికిట పట్టి పిండినట్టయింది. నాకంటే ముందు లోపలికి పోయినామె అరిచిన అరుపు విని ఉన్నాను. నేను అరవకూడదనుకున్నాను, అరవలేదు. ఎక్స్‌రే డాక్టరు సీసపు ఏప్రన్ వేసుకుని అద్దం వెనక నుంచి "కదలొద్దమ్మా, కదలొద్దు" అంటూ నాలుగు ఫోటోలు తీశాడు. తర్వాత తెర మీద చూపించాడు. నల్లటి దాంట్లో తెల్లగా చిన్న తలకిందుల ముక్కోణం, దాని రెండు మూలల నుంచి దారపు పోగుల్లాంటి రెండు గీతలు. ఎడమ గీత చివరన మందు పొగలా చెదిరింది. కుడి గీత సగంలో ఆగిపోయింది. "ఒకటి ఓపెన్ ఉంది. ఒక్కటి చాలు" అన్నాడు. ఆ గీతల్లో ఎక్కడో, ఆ గంటలోనే, ఏమన్నా జరుగుతూ ఉండి ఉంటుందా అన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

తర్వాతి నెల నెలసరి రాలేదు. సెంటర్లో మూత్రం పరీక్ష చేస్తే రెండు గీతలు వచ్చాయి. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నా పెళ్ళి రోజున కూడా ఆమె అట్లా ఏడవలేదు. వాడుకలో లేని గదుల్లో ఒకదాని తలుపు తీయించి సున్నం వేయించింది. మా ఆయన నవీపేట్ నుంచి రోజూ రెండుసార్లు ఫోన్ చేసి "ఏం తిన్నవ్?" అని అడిగేవాడు. వేరే మాట వచ్చేది కాదు ఆయనకు.

మొదటి స్కానుకు అమ్మా నేనూ పోయాం. సంచి ఉంది. అందులో చిన్న గింజంత మనిషి ఉంది. గుండె కనిపించలేదు. డాక్టరు చాలాసేపు గొట్టం అటూ ఇటూ తిప్పింది. ఫైలు చూసింది. "మీ డేట్ ప్రకారం ఆరు వారాల ఒక్క రోజే. ఇంకా తొందరనే. ఒక్కోసారి గుండె జర ఆలస్యంగ కనవడ్తది. వారం ఆగి చూద్దాం" అంది.

ఆరు వారాల ఒక్క రోజు కాదు. దానికి నాలుగు కలపాలి. ఆ గదిలో ఆ సంగతి నాకు తెలుసు. గోడ దగ్గర నిలబడ్డ నర్సుకు అనుమానం ఉంది. మిగిలిన ఇద్దరూ నమ్మారు. నేను లేచి బట్టలు సర్దుకున్నాను. ఆ వారం అమ్మ నన్ను మంచం దిగనివ్వలేదు. దానిమ్మ గింజలు ఒలిచి గిన్నెలో పోసి ఇచ్చేది. "మా చిన్నమ్మకు గూడ ఆలస్యంగనే కనవడ్డదట" అనేది. వాళ్ళ చిన్నమ్మ కాలంలో స్కాన్లు లేవు. నేను గింజలు తిన్నాను. లోపల ఏదన్నా కదులుతుందేమోనని అరచేయి పెట్టి చూసుకునేదాన్ని. అంత చిన్నది కదలదని తెలిసీ పెట్టేదాన్ని. నాలుగు రోజుల లెక్క నిజం కాకపోతే బాగుండునని, మా అమ్మ లెక్కే నా ఒంటి లెక్క కూడా అయితే బాగుండునని అనుకునేదాన్ని.

రెండో స్కానుకు మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చాడు. డాక్టరు ఆయన్ని లోపలికి రానిచ్చింది. ఆయన ఎక్కడ నిలబడాలో తెలియక నా తల దగ్గర నిలబడ్డాడు. తెర మీద అదే సంచి, అదే గింజ. పెరగలేదు. గుండె లేదు.

డాక్టరు తెర ఆపకుండా వెనక్కి తిరిగింది. "సైజు అట్లనే ఉంది. డేట్ తప్పయితే మాత్రం ఇంకో వారం ఆగొచ్చు. గర్భం లేటుగ వచ్చి ఉంటే చెప్పలేం." నర్సు వైపు చూసింది. "సిస్టర్, డేట్ సరిగ్గ అడిగిన్రా లేదా? ఏదో ఒకటి రాస్తరు, తర్వాత నేను తల పట్టుకోవాలె."

నర్సు తల వంచుకుంది. "తప్పయింది మేడం" అంది.

"తప్పే అయ్యుంటది డాక్టరమ్మా" అని అమ్మ ముందుకు వచ్చింది. ఆమె గొంతులో ఆశ పొంగుకొచ్చింది. "గీ పిల్లలు అడగనే అడగరు, ఇష్టమున్నట్టు రాస్తరు. జర ఆగుదాం. ఇంకో వారం ఆగుదాం."

నర్సు ఒక్కసారి నా వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. ఆమె చెప్పదని నాకు అర్థమైంది. నేను నోరు మూసుకుంటే ఆమె ఆ మాట పడుతుంది, మాకు ఇంకో వారం దొరుకుతుంది. అమ్మ ఇంకో వారం దానిమ్మ ఒలుస్తుంది.

మా ఇంట్లో చాలా తప్పులు జరిగాయి. చేసిన తప్పును పనిమనిషి బిడ్డ మీద వేసి బయటపడ్డవాళ్ళం మాత్రం కాదు. లేక, అట్లా కూడా బయటపడ్డామేమో, నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అట్లా చేయలేకపోయాను.

"ఆమె అడిగింది" అన్నాను. "రెండుసార్లు అడిగింది. నేనే చెప్పలే. ఫైల్ల ఉన్నది తానం చేసిన తేదీ. అయిన తేదీ దానికి నాలుగు దినాలు ముందు."

"అయితే గర్భం లేటుగ వచ్చింది కాదు, మనం అనుకున్నదానికంటే నాలుగు రోజులు పెద్దది" అంది డాక్టరు. తర్వాత గొట్టం తీసి, గ్లవ్స్ విప్పి, ఫైలు ముందుకు లాక్కుంది. పెన్నుతో మొదటి పేజీ మీద తేదీ కొట్టేసింది. రెండో పేజీలో కొట్టేసింది. తొందరగా విడుదలవుతోందని రాసిన చోట ఆగింది, దాన్ని కూడా కొట్టేసింది. ఎక్స్‌రే రిపోర్టు దగ్గరికి వచ్చాక వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"అంటే ట్యూబ్ టెస్ట్ పద్నాలుగో రోజు చేసినం" అంది. "అప్పుడు దూరంగ ఉన్నరా?"

"లేము."

నా తల దగ్గర మా ఆయన చేతిలోని తాళంచెవులు చప్పుడయ్యాయి.

"దానివల్లనేనా?" అని అడిగాను.

"దానివల్లనే అని చెప్పలేను. కాదని కూడ చెప్పలేను. మొదటి నెలల్ల చాలా గర్భాలు ఏ పరీక్ష చేయకున్నా ఆగిపోతయి. మీకు ఎందుకు ఆగిందో ఏ మిషన్ చూపియ్యదు." ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఓదార్పుగానూ అనలేదు. "కానీ ఇక ఆగేది లేదు. టాబ్లెట్లు రాస్తున్న. మూడు నెలలు ఆగి, మళ్ళ అన్ని పరీక్షలు మొదటి నుంచి చేద్దాం. ఇవి పనికిరావు."

మందులు ఎట్లా వాడాలో నర్సు బల్ల దగ్గర చెప్పింది. ఏ గోళీ ఎప్పుడు, నొప్పి ఎంతవరకు ఉండొచ్చు, రక్తం ఎంత పోతే వెంటనే రావాలి. నేను విన్నాను. "ఒక్కదానివే ఉండకు అక్కా" అంది. తప్పు తన మీద నుంచి తీసినందుకు ఆమె ఏమీ అనలేదు. నేనూ ఆశించలేదు.

మెట్ల మీద అమ్మ నా మోచేయి పట్టుకుంది. "గా పిల్ల ముందట చెప్పాల్నా?" అంది. బిడ్డ సంగతి ఆమెకు ఇంకా చేరలేదు. ఆటోలో కూర్చున్నాక, ఊరు సగం దాటాక చేరింది. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికి వచ్చాక మా ఆయన వరండాలో కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలికి వచ్చి, "ఆదివారం నేను రాకుంటే గిట్ల అయ్యేది కాదు" అన్నాడు. తప్పు తనదేనని తీర్మానించుకుని వచ్చినట్టు ఉన్నాడు. ఆయన్ని అట్లాగే వదిలేయడం సులువు. నేను పెట్టె తెరిచి కాగితం తెచ్చి చేతికిచ్చాను. దూరంగా ఉండాలని రాసిన చోట కింద గీత కూడా గీసి ఉంది. ఆయన నిలబడే చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, వెనక ఏమీ లేదు.

"నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కే."

"నాకెందుకు చెప్పలే?"

అండం తొందర అనో, నెల పోతుందనో చెప్పొచ్చు. అవి కారణాలే. ఆయనతో ఆరేళ్ళలో నేను ఏదీ అడిగి చేయలేదు, చెప్పి చేయలేదు. ఇల్లు నాది, ఒళ్ళు నాది, లెక్క మా అమ్మది. ఆయన ఆదివారం వచ్చే మనిషి. ఆ మాట పైకి అనలేదు. కానీ ఆయన అక్కడ నిలబడి నా మొహం చూసి దాన్ని చదువుకున్నాడనే అనుకుంటాను.

రక్తం పోయిన మూడు రోజులూ ఆయన ఉన్నాడు. నీళ్ళు కాచి ఇచ్చాడు, సెంటరుకు తీసుకెళ్ళి మళ్ళీ స్కాన్ చేయించి గర్భసంచి ఖాళీ అయిందని రాయించుకొచ్చాడు. అప్పుడు నవీపేట్ పోయాడు.

డాక్టరు చెప్పిన మూడు నెలలు దాటి రెండు నెలలైంది. ఈసారి తేదీ చెప్పి పరీక్ష రాయించుకోవాలంటే ఇద్దరం కలిసి పోవాలి, ఇద్దరం సంతకం పెట్టాలన్నారు. గత రెండు ఆదివారాలు ఆయన రాలేదు. మిల్లులో ధాన్యం దిగుతోందని ఫోన్లో చెప్పాడు. ఏం తిన్నవని అడగలేదు.